ఆ హాలీవుడ్ నటికి నేను తెరిచిన కళ్లు

ఆ సినిమాను నేను పదకొండుసార్లు చూశాను. పదకొండుసార్లూ తిట్టుకుంటూనే చూశాను. ఇష్టం లేనిదాన్ని అన్నిసార్లు ఎందుకు చూశావని అడుగుతారు కదా, అదే చెప్తాను.

మాది ఆళ్లగడ్డలో శిల్పాల పని చేసే ఇల్లు. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. అన్న మిషనుతో రాయి కోసి మోటుగా రూపం తీస్తాడు, నాయన చెక్కుతాడు, అమ్మా నేనూ నునుపు పడతాం. పదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో నా చేతికి ఎమరీ కాగితం ఇచ్చారు. అప్పటినుంచీ అదే పని. నీళ్లు పోయడం, రుద్దడం, మళ్లీ నీళ్లు పోయడం. వినాయకుడి బొజ్జ నాది, అమ్మవారి భుజం నాది, మొహం మాత్రం ఎవరిదైనా నాయనదే. అందులోనూ కళ్లు. విగ్రహం అప్పగించే రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఏమీ తినకుండా వచ్చి కూర్చుని, కంటి గీతలు గీసి కనుపాప తీస్తాడు. దాన్నే మేము కళ్లు తెరవడం అంటాం. అంతవరకూ అది మాకు ఉత్త రాయే.

నాకేమో మొహం చెక్కాలని ఆశ. పనికిరాని ముక్కల మీద దొంగచాటుగా ముక్కులూ పెదాలూ చెక్కుతుండేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అడిగితే నాయన తల కూడా ఎత్తలేదు.

"నునుపు పట్టేది నేర్చుకున్నావు గదా, అది చాలు. మొగం కాడికి రావాకు" అన్నాడు.

అట్లాంటి రోజుల్లో నంద్యాల నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆమె. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక హాలీవుడ్ నటి మొహం, భుజాల దాకా, నల్లరాయిలో కావాలంది. ఎప్పుడో పాతకాలపు పాటల సినిమాలో హీరోయినట. ఒక ఫోటో ఇచ్చింది, పెన్‌డ్రైవ్‌లో సినిమా కూడా ఇచ్చింది. ఆమెను ఫోటోలో చూస్తే చాలదు, పాడుతుండగా చూడాలంది. మాకు ఇంగ్లీషు రాదు కదా, కథ కూడా షెడ్డులో నిలబడి తనే చెప్పింది.

ఒక పేద పిల్ల బ్రహ్మాండంగా పాడుతుంది. పియానో వాయించేవాణ్ణి పెళ్లాడుతుంది. వాడికి తాగుడు, దానికి తోడు కుళ్లు. పెద్ద పట్నంలో పాడటానికి రమ్మని ఆమెకు వచ్చిన ఉత్తరాలన్నీ ఏళ్ల తరబడి దాచేస్తాడు. ఒకరోజు అవి ఆమెకు దొరుకుతాయి. దొరికితే ఎవరైనా ఏం చేస్తారు? ఈమె వాటిని పొయ్యిలో వేసి, ఊరి హాల్లో మొగుడు కట్టిన పాటే పాడుతుంది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. జనమంతా లేచి చప్పట్లు. సినిమా అయిపోయింది.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. తాగి పడిపోయిన మొగుణ్ణి ఎత్తి పడుకోబెట్టి ఈమె పాట అందుకునేసరికి నాయన లేచి బయటికి పోయాడు. అమ్మ మాత్రం ఎంత ఓర్పు తల్లీ అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అన్నకు పాటలు నచ్చాయి. అర్థం తెలియకపోయినా వారం రోజులు అదే రాగం తీస్తూ రాయి కోశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఒక్క ముక్కు చెక్కడానికి దొంగలా దాక్కుంటుంటే, ఈమె ఇంటికి వెతుక్కుంటూ వచ్చిన పనిని పొయ్యిలో పెట్టి నవ్వుతుందా? పైగా ఆ నవ్వును దగ్గరికొచ్చి మరీ చూపిస్తారు, ఎంత అందంగా ఉందో చూడండి అన్నట్టు. కథలో పిల్ల వేరు, నటి వేరు కదా, ఆ నటి నిన్నేం చేసిందని అన్న ఎగతాళి చేశాడు. ఒప్పుకునే కదా చేసింది, నాకు ఇద్దరూ ఒకటే అన్నాను.

నాయన ఆమె మొహం ముట్టుకోనన్నాడు. టీచరమ్మకు మాట ఇచ్చేశాం, వెనక్కి పోలేం. అన్న భుజాలు, జుట్టు తీశాడు. మొహం దగ్గర పని ఆగిపోయింది. రెండు రోజులు చూసి నాయన ఉలి నా ముందు పడేశాడు.

"నువ్వు జెయ్. చెడిపోతే రాయే గదా పొయ్యేది."

నేను అడిగినప్పుడు ఇవ్వనిది విసుగొచ్చి ఇచ్చాడు. అయినా తీసుకున్నాను. రోషపడి వద్దంటే మళ్లీ ఎప్పుడు ఇస్తాడు?

పదకొండుసార్లు చూడటం అక్కడ మొదలైంది. ఫోటోలో ఆమె కుడివైపే కనపడుతుంది. సరే, ఎడమవైపు సినిమాలో చూద్దామనుకుంటే అక్కడా అంతే. పాడినా, ఏడ్చినా, మొగుడి మీద వాలినా కుడి చెంపే మనకు పెడుతుంది. ఎడమ చెవి కోసం ఆపి ఆపి చూశాను, ఎక్కడా లేదు. తన మొహంలో ఏ పక్క బాగుంటుందో తెలిసినంత తెలివి ఉంది కదా, ఆ తెలివి ఉత్తరాల దగ్గర ఏమైపోయింది? ఆఖరికి అద్దం పెట్టుకుని నా ఎడమ చెవినే చూసి చెక్కాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గొంతు పైకి ఎత్తేటప్పుడు ఆమె మెడ నరం అదురుతుంది. అది చూసిన ప్రతిసారీ నా చెయ్యి కాసేపు ఆగిపోయేది. ఆ వెంటనే ఆ నవ్వు వచ్చేది, మళ్లీ కోపం వచ్చేది.

పెదాలు ఫోటోలో ఉన్నట్టే నవ్వేలా చెక్కాను. కళ్లు మిగిలాయి. టీచరమ్మ ఆదివారం వస్తానంది. ఆ పొద్దున కళ్లు నాయనే తెరుస్తాడనుకున్నాను.

"దేవుండ్లకు తెర్సే చెయ్యి ఇది" అన్నాడు. "ఆ తాగుబోతు పెండ్లానికి నేను తెరవను. అది గూడా నువ్వే జెయ్ పో."

నేను తలస్నానం చేశాను, ఏమీ తినలేదు. అమ్మ నవ్వింది.

"ఏ దేవతకమ్మే ఈ ఉపాసం? ఆ దొరసానికా?"

నేను ఉలి అందుకున్నాను. సినిమాలో పాడేటప్పుడు ఆమె రెప్పలు సగం దించి మొగుడి వైపు చూస్తుంది. నేను పై రెప్పను కొంచెం ఎత్తాను. కనుపాపను నేరుగా ఎదుటి మనిషి మీద నిలిపాను. కావాలనే చేశాను, పొరపాటున జరిగింది కాదు. పెదాలు నవ్వుతున్నాయి, కళ్లు నవ్వడం లేదు.

టీచరమ్మ కారు దిగి, కళ్లజోడు తుడుచుకుని, చాలాసేపు చూసింది.

"ఇది ఆమె గాదప్పా" అంది నాయనతో.

"పోలిక లేదా టీచరమ్మా?"

"పోలిక ఉంది. ఈ చూపు ఆమెది గాదు. ఆమె ఎవర్నీ ఇట్ల చూసిండదు."

నోరు మూసుకోవాల్సింది. నాకు ఆ అలవాటు లేదు. "చూసింటే ఆమె బతుకు బాగుపడిండేది మేడమ్. అందుకే నేనట్ల చెక్కినా" అన్నాను.

టీచరమ్మ నా వైపు తిరిగింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"నీకేం తెలుసమ్మా. ఆ నవ్వు చూసే నేను ముప్పై ఏండ్లు కాపరం నిలబెట్టుకున్న్యా. నువ్వు దాన్ని చెరిపేసినావు."

జాలి కలిగిందని అంటే అబద్ధం అవుతుంది. ముప్పై ఏళ్లు ఆ నవ్వును చూసి నేర్చుకోవడమా అని ఆ సినిమా మీద నాకు ఇంకా కోపం వచ్చింది. పైకి అనలేదు, అంతే.

నాయన ముందుకొచ్చి బొటనవేలితో రెండు కళ్ల గీతలూ తడిమాడు. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్లీ కుడి కన్ను. పనిలో తప్పు ఎక్కడుందో చూపించమని అడిగాడు. పనిలో తప్పు లేదు గానీ తనకు వద్దంది టీచరమ్మ. పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని నంద్యాలకు వెళ్లిపోయింది.

బేరం పోయిందని అమ్మ నన్ను తిట్టింది, అన్న తిట్టాడు. నాయన తిట్టలేదు. సాయంత్రం షెడ్డు ఊడుస్తుంటే పిలిచాడు. చనిపోయిన తల్లిదండ్రుల విగ్రహాలు చేయించుకోవాలని శిరివెళ్ల నుంచి ఎవరో వచ్చారట. వాళ్లిచ్చిన ఫోటోలు నా ముందు పెట్టాడు.

"మనుషుల మొగాలు ఇంగ నువ్వే జెయ్. కండ్లు గూడా. దేవుండ్ల కాడికి మాత్రం రావాకు."

ఫోటోలు తీసుకున్నాను. తీసుకుంటూనే చెప్పాను.

"దేవుండ్లు గూడా కావాల నాయనా."

ఆయన నా మొహం చూసి, మూతికి గుడ్డ కట్టుకుని, అన్న వాడే మిషను తనే ఆన్ చేశాడు.