పదిహేడో సీటు

ఈ ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో యారే, అంటే నంబర్లేసిన గడుల వరుస, దాని పాఠం చెప్పాను. లక్ష పేర్ల వరుసలో మధ్య పేరు తీసేస్తే, వెనకున్న ప్రతి పేరునూ ఒక్కో గడి ముందుకు జరపాలి. అంత శ్రమ ఎందుకు, చివరి పేరును తెచ్చి ఆ ఖాళీలో పెడితే ఒక్క అడుగులో అయిపోతుంది, మిగతా నంబర్లు చెదరవు.

పదిహేడో సీటు ఖాళీగా ఉంది. చేసి చూపిద్దామని, ఆఖరి సీటులో ఉన్న హయత్‌నగర్ మౌనికను అక్కడికి రమ్మన్నాను. ఆమె లేవలేదు.

"గా సీటు యాదగిరిది సార్. మొన్న తెలంగాణ ధర్నాల పోలీసోల్లు పట్టుకపోయిన్రు. ఇడిచిపెడ్తె ఒస్తడు గద."

"పాఠం కోసమేనమ్మా. మరి ఎలా తీసెయ్యాలి?"

"తీసుడెందుకు సార్. లేడని గుర్తు వెట్టుకోండ్రి, సాలు."

నిజానికి పేరు తీయకుండా గడి మీద లేడని గుర్తు వేసి వదిలెయ్యడమూ ఒక పద్ధతే, రేపటి పాఠం. దాంతో చిక్కల్లా, వరుస చదివిన ప్రతిసారీ ఆ ఖాళీని కూడా చూసి దాటాలి.

సాయంత్రం ఇళ్లకు పంపేముందు హాజరు పిలుస్తూ పదిహేడు దగ్గర ఆగాను. క్లాసంతా నాతోపాటు ఆగింది. అక్కణ్నుంచి పద్దెనిమిదికి త్వరగా వెళ్లే పద్ధతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పాఠం చెప్పేవాడికి తెలియలేదు.