మస్తాన్ బాబాయి నారుమడి

రెండు రోజులు సరఫరా ఆగిపోయి, పొద్దున కుళాయి తిప్పితే ముందు గాలి దగ్గింది, తర్వాత ఎర్రటి నీళ్ళు బురద వాసనతో దూకాయి. బిందె పెట్టకుండా కాసేపు పోనిచ్చాను. నీళ్ళు వృథా అని మా ఆవిడ విసుక్కుంది. ఆ వాసనకి నాకు మస్తాన్ బాబాయి గుర్తొచ్చాడు.

ఎనభైలలో హెల్త్ అసిస్టెంటుగా నా మొదటి పోస్టింగు ప్రత్తిపాడు దాటాక ఓ పల్లె. నా అద్దె గది పక్కిల్లు ఆయనది. మిరప రైతు, మితభాషి. వరస కలిపి బాబాయ్ అనేవాణ్ణి. ఆ ఊళ్ళో బావులన్నీ ఉప్పునీళ్ళే. సాగర్ కాలువ వదిలినప్పుడు నింపుకున్న చెరువే తాగడానికి దిక్కు. వేసవిలో కాలువ కట్టేస్తే, ఎండిన ఆ కాలువ అడుగే ఊరంతటికీ మరుగుదొడ్డి. రెండు వైపులా కట్ట చాటు, పైన చల్లగాలి. ప్రభుత్వం కట్టించినా అంత వసతిగా ఉండదు. మళ్ళీ కాలువ రాగానే పసుపు కుంకుమలు చల్లి, మొట్టమొదటి నీళ్ళనే చెరువులోకి తిప్పేవాళ్ళు. గంగమ్మ ముందు ఊరి దాహం తీర్చాలని ఆచారం. ముందటేడు అలా నింపాక వాంతులూ విరేచనాలూ పట్టుకుని మా వీధిలోనే ఇద్దరు పిల్లలు పోయారు.

పంచాయతీ అరుగు మీద ఆ సంగతి నాకు చేతనైన పద్ధతిలో చెప్పాను. మనం కాలవలో పెట్టిన నైవేద్యమే బిందెల్లో మనింటికి తిరిగొస్తోందన్నాను. అందరూ పొట్ట పట్టుకు నవ్వారు. మస్తాన్ బాబాయి నవ్వలేదు.

ఆ ఏడు కాలువ వచ్చిన రోజు చెరువు అడుగు నెర్రెలిచ్చి ఉంది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో కట్ట మీద నిలబడ్డారు. నల్లటి నురగ, చెత్త, పురుగుమందు డబ్బాలు కొట్టుకొచ్చాయి. ఒక్కరోజు నీళ్ళు పక్కకి పోనివ్వమని బతిమాలాను.

"ఎవడి చేలోకి పోనిమ్మంటావయ్యా? నీకేమన్నా చేనుందా?" అన్నాడు ప్రెసిడెంటు.

చెరువు పక్కనున్న పల్లపు పొలాల్లో మొదటిది మస్తాన్ బాబాయిది. అందులోని నారుమడిలో ఆయన చేను మొత్తానికి సరిపడా మిరప నారు, నాటడానికి సిద్ధంగా ఉంది. మిరప నారు నీట మునిగితే బతకదు. ఆయన పార తీసుకుని తన గట్టుకి గండి కొట్టి, ఆ మురికి నీళ్ళు మడిలోకి వదిలాడు.

"మనకేం మిగులుద్దయ్యా?" అంది పిన్ని, గట్టు మీద నుంచి.

"నారు ఎవరినన్నా అడుక్కుందాంలే. పిల్లల్ని ఎవరినడుక్కుంటాం?"

మర్నాడు నీళ్ళు తేరుకున్నాక చెరువుకి తిప్పి, బ్లీచింగు కలిపాను. ఆ ఏడు మా ఊళ్ళో వాంతుల జబ్బు రాలేదు. రాని జబ్బుకి దండలు వేసేవాళ్ళు ఉండరు కనక సన్మానమూ జరగలేదు. బాబాయి మార్టూరు వైపు వెళ్ళి ముదురు నారు తెచ్చి ఆలస్యంగా నాటాడు. పంట సగానికి సగం పోయింది.

ఓదార్చడం నాకు రాదు. ఊరంతా కలిసి నీ పొలానికి ఎరువు తోలింది కదా బాబాయ్ అన్నాను. ఈసారి నవ్వాడు. నవ్వి, నెమ్మదిగా అన్నాడు:

"ఆ రోజు అరుగు మీద నవ్వించి లేచెళ్ళిపోయావబ్బాయ్. నవ్వులయ్యాక ఇంకోసారి చెప్పాల్సింది. నలుగురికీ తలకెక్కితే ఆ నీళ్ళు నలుగురం పంచుకునేవాళ్ళం. నా ఒక్కడి నారే పోయేది కాదు."

ఇప్పటికీ ఏ ఊరెళ్ళినా ముందు నవ్విస్తాను. అది మానడం నా వల్ల కాదు. జనం నవ్వుకుంటూ లేవబోతారు. కూర్చోమంటాను. చప్పుడు పూర్తిగా ఆగాక, చెప్పిన సంగతే నవ్వకుండా మళ్ళీ మొదటినుంచీ చెబుతాను.