మనిషికి మనిషి

జోఫర్ మీకర్ జీనులు కుట్టేవాడు. న్యూయార్క్ దగ్గరి ఎలిజబెత్‌టౌన్‌లో గుర్రమున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అతని కొట్టు ముందు నిలబడ్డవాడే. అందరితో మాట మంచితనం ఉన్నవాడని, సముద్రం అవతలి రాజు మీద తిరుగుబాటు మొదలయ్యాక, దాన్ని నడిపే ఊరి కమిటీవాళ్లు అతనికి ఇంకో పని తగిలించారు. తెల్లజెండా కట్టిన పడవలో సముద్రపు పాయ దాటి, స్టేటెన్ దీవిలో ఉన్న రాజు పక్షంవాళ్లతో ఖైదీల మార్పిడి బేరం చెయ్యడం. మనిషికి మనిషి, హోదాకు హోదా. సిపాయికి సిపాయి, కెప్టెన్‌కు కెప్టెన్, రైతుకు రైతు.

అవతలి నుంచి బేరానికి వచ్చేవాడు కొత్తవాడేం కాదు. కార్నీలియస్ వ్రీలాండ్. యుద్ధానికి ముందు జోఫర్ పక్కింట్లో ఉండేవాడు. రాజు వైపు నిలబడ్డాడని ఊరివాళ్లు కిటికీలు పగలగొడితే, రాత్రికి రాత్రి కుటుంబంతో దీవికి పారిపోయాడు.

ఆ శీతకాలం జోఫర్ భార్య చెల్లెలి కొడుకు సైలస్ రాజు సిపాయిలకు పట్టుబడ్డాడు. వాణ్ణి న్యూయార్క్‌లో జైలుగా మార్చిన చక్కెర గిడ్డంగిలో పెట్టారు. గాజుల్లేని కిటికీలు, పొయ్యి లేదు, పురుగుపట్టిన రొట్టె. తల్లి జెరూషా రోజూ కొట్టుకొచ్చి కూర్చునేది.

"బావా, నీ చేతిలో పనే కదా. మా వాణ్ణి తీసుకురాలేవా?"

"ఇవ్వడానికి మన దగ్గర మనిషుండాలి కదమ్మా. వట్టి చేతుల్తో ఏం అడగను?"

ఆ మాట కమిటీ చెవిన పడింది. మంచు కరిగాక కుర్రకారు దీవికెళ్లి కార్నీలియస్ తండ్రిని, ముసలి ట్యూనిస్‌ను, పక్కమీది నుంచి లేపి పట్టుకొచ్చారు. జోఫర్ మండిపడ్డాడు. "మనుషులనుకున్నారా, మేకలనుకున్నారా? అవసరానికి తోలుకురావడానికి!" అని అరిచాడు. అరిచినా, ముసలాయన్ని తన ఇంట్లోనే ఉంచుకుని వేడి గంజి పోయించాడు. ఆ తర్వాత తెల్లజెండా ఎత్తి బయల్దేరాడు. తెడ్డు వేసేవాడు మోజెస్ బాల్. అతని కొడుకు ఎలియాస్ కూడా ఆ గిడ్డంగిలోనే ఉన్నాడు.

పాయ మధ్య రెండు పడవలూ ఆనుకున్నాయి.

"మా నాయన్ని మంచం మీద నుంచి ఎత్తుకుపోయి, ఇప్పుడు బేరానికొచ్చావా? సిగ్గుండాలిరా" అన్నాడు కార్నీలియస్.

"నేను పంపలేదురా. ఆయనకి మా ఇంట్లో ఏ లోటూ లేదు. సైలస్‌ను ఇవ్వు, ఆయన్ని తీసుకుపో."

"సైలస్‌కి జ్వరం. పడవెక్కిస్తే దార్లోనే పోతాడంట. మీ ఊరివాడే ఇంకొకడున్నాడు, ఎలియాస్ బాల్. కాళ్ల మీద నిలబడి ఉన్నాడు. వాణ్ణి తీసుకో."

నీళ్లలో తెడ్డు ఆగిపోయింది. మోజెస్ తల ఎత్తలేదు. అతని మెడ వెనక నరం లేచి కొట్టుకుంటూ ఉండడం జోఫర్‌కు కనబడింది. ఒడ్డున ఎదురుచూస్తున్న జెరూషా గుర్తొచ్చింది.

"సరే, ఎలియాస్‌ను ఇవ్వు" అన్నాడు.

న్యాయమని అన్నాడో, మోజెస్ ఎదురుగా మరో మాట అనలేక అన్నాడో అతనికే తెలియదు.

రెండు రోజులకు మార్పిడి జరిగింది. ముసలాయన పోతూ పోతూ జోఫర్ చెయ్యి నొక్కాడు. ఎలియాస్ ఎముకల గూడులా ఇవతలి పడవలోకి దిగాడు. తండ్రి కోటు విప్పి కప్పితే అందులోనే కూలబడి ఏడ్చాడు. పడవ కదిలాక జోఫర్ అడిగాడు.

"సైలస్‌కి జ్వరం ఎలా ఉందిరా?"

"జ్వరమా? వాడికేం జ్వరం లేదే. నిన్న నన్ను గేటు దాకా సాగనంపింది వాడేగా. బాగానే ఉన్నానని మా అమ్మకి చెప్పరా అన్నాడు."

జోఫర్ వెనక్కి తిరిగి చూశాడు. అవతలి పడవ అప్పటికే దూరమైపోయింది.

జెరూషాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "మోజెస్‌ను చూసి మొహమాటపడ్డావు బావా. నేను పడవలో లేకపోయాను" అని లేచి వెళ్లిపోయింది.

తర్వాతి భేటీలో జోఫర్ కార్నీలియస్ కాలరు పట్టుకున్నంత పని చేశాడు. "నేను వాణ్ణి చూడలేదురా. జైలు సార్జెంటు చెప్పింది నమ్మాను" అన్నాడు కార్నీలియస్. అది నిజమే అయి ఉండాలి. అతని మొహం పాలిపోయింది. "ఇంకో మనిషిని తీసుకురా. ఈసారి నేనే వెళ్లి చూసి పంపుతాను."

ఇంకో మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు?

ఆ వారంలో ఒక తెల్లవారుజామున కుర్రకారు పడవ ఎక్కుతుంటే, వాళ్ల వెనకే జోఫర్ కూడా ఎక్కాడు. దీవిలో బార్నెట్ అనే పీపాలు చేసేవాడి ఇంట్లో చొరబడ్డారు. అతను పిల్లలతో కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటున్నాడు. అతని భార్య జోఫర్‌ను గుర్తుపట్టింది. "మీరా? తెల్లజెండా పట్టుకుని మా రేవుకొచ్చేవాళ్లు కదండీ మీరు?" అంది. బార్నెట్ చేతులు కట్టడానికి జోఫర్ కుర్రకారుకు తాడు అందించాడు.

పక్షం రోజులు తిరక్కముందే బార్నెట్‌కు బదులుగా సైలస్ వచ్చాడు. చలికి కాలివేళ్లు పోయాయి గాని, బతికి ఉన్నాడు. జెరూషా వాడి తల ఒళ్లో పెట్టుకుని రోజంతా కదల్లేదు. బావను పిలిచి భోజనం పెట్టింది. జోఫర్ సగంలోనే లేచిపోయాడు.

తర్వాతి వారం దీవివాళ్లు వచ్చి ఎలిజబెత్‌టౌన్ నుంచి ముగ్గుర్ని పట్టుకుపోయారు. వాళ్లలో ఒకడు జోఫర్ కొట్టులో తోలు కోసే పనివాడు. కమిటీ మళ్లీ కబురు చేసింది. జోఫర్ మళ్లీ తెల్లజెండా పట్టుకుని వెళ్లాడు. పాయ మధ్య కార్నీలియస్ తన పడవ ఆనించాడు.

"బార్నెట్ పెళ్లాం చెప్పింది. నువ్వు కూడా వచ్చావంటగా."

"వచ్చాను."

"ఇక మనిద్దరికీ తేడా లేదులే. చెప్పు, ఈసారి ఎవర్ని తెచ్చావు?"

యుద్ధం ముగిసేదాకా వాళ్లు అలా బేరమాడుతూనే ఉన్నారు. శాంతి కుదిరాక కార్నీలియస్ తండ్రిని తీసుకుని ఉత్తరాన ఇంకా రాజు ఏలుబడిలోనే ఉన్న నోవాస్కోషియా వెళ్లే ఓడెక్కాడని తెలిసింది. వీడ్కోలు చెప్పుకోలేదు. జోఫర్ జీనుల కొట్టు మళ్లీ తెరిచాడు. సైలస్ వచ్చి, కాళ్లు ముడుచుకుని పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్నాడు. స్టేటెన్ దీవి నుంచి పీపాలు అమ్మకానికొచ్చే సంతరోజున మాత్రం జోఫర్ కొట్టు మూసి ఉండేది.