జాలి చప్పుడు

మా వంశపు జీన్స్‌లో జీను లేదు. మా వైపు గేదెలెక్కినవాళ్లున్నారు, బస్సు టాపెక్కినవాళ్లున్నారు, మా పెదనాన్న ఒకాయన జీవితమంతా కోర్టు మెట్లెక్కాడు. గుర్రమెక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పెళ్లి ఊరేగింపుల్లో కూడా మావాళ్లు అంబాసిడర్ కారే ఎక్కారు.

అలాంటి ఇంటి పిల్ల, లీసెస్టర్‌లో పెరిగిన మా అమ్మాయి, ఎనిమిదో ఏట స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో ఒక పొట్టి గుర్రం ఎక్కింది. ఆ తర్వాత పిల్లను దింపడం మా వల్ల కాలేదు. పదిహేడు వచ్చేసరికి, ఊరికి అరగంట దూరంలో పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఒక యార్డ్‌కు తనే ఫోన్ చేసి వారాంతాల్లో పని అడిగింది. ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా రమ్మన్నారు. ఒక గుర్రాన్నిచ్చి ట్రాక్ మీద తిప్పి చూస్తారట. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే లేదు.

అమ్మాయికి లైసెన్స్ లేదు కనుక కారు నేనే నడిపాను, మా ఆవిడా వచ్చింది. తొంభై గుర్రాల బలమున్న కారు. తొంభయ్యింటిని ఒక్క కాలితో అదుపులో పెట్టేవాణ్ణి, యార్డ్ గేటులోంచి ఒకే ఒక్క గుర్రం తల బయటికి రాగానే మా ఆవిడ వెనక్కి జరిగాను.

"డాడ్, ప్లీజ్. ఎవ్రీవన్ కెన్ సీ యూ," అంది అమ్మాయి పళ్ల మధ్యనుంచి.

"మీ నాన్న నన్ను కాపాడుతున్నార్లేమ్మా, వెనకనించి," అంది మా ఆవిడ.

యజమానురాలు అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద బూట్లు. ఆ ప్రాంతంలో ఆప్యాయంగా ఎవరినైనా 'మి డక్' అంటారు. నన్నూ అలాగే పిలిచి, కంచె ఇవతల నిలబడమంది. ఇన్ని గుర్రాల మధ్య బాతునైతే అయ్యాను గానీ ఎగిరిపోయే వీలు లేదు.

ట్రాక్ గుండ్రంగా, ఇసుకతో ఉంది. అవతలి సగాన్ని ఒక పొదల వరస కప్పేస్తుంది. పొగమంచు ఇంకా లేవలేదు. ముందు ఒక ముసలి గుర్రం, దాని మీద యార్డ్ మనిషి. వెనకాల మా అమ్మాయి, గోధుమరంగు కుర్రగుర్రం మీద. షరతు ఒకటే అని యజమానురాలు మాకు వినపడేలా చెప్పింది. "నేను చెప్పేదాకా నడకే. ముందున్న గుర్రాన్ని దాటావా, దిగిపోవచ్చు."

గుర్రాలను టీవీలో చూడటం వేరు. పక్కనించి వెళుతుంటే నేల కదిలింది. ముక్కుల్లోంచి ఆవిరి. ఆ కాళ్లు చూస్తే నాకు బలం కనిపించలేదు, తగిలితే ఏ ఎముక విరుగుతుందో కనిపించింది. అంత ఎత్తున మా పిల్ల, హెల్మెట్ మీద పసుపు గుడ్డ తొడుగుతో, రెండు పగ్గాలు తప్ప పట్టుకోవడానికేమీ లేకుండా. నాకు తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అయిపోయి, తెలియనివాళ్ల దగ్గరికి వచ్చాను.

రెండు చుట్లు బాగానే నడిచాయి. మూడోసారి మా ముందుకు వస్తుండగా కంచె పక్క గడ్డిలోంచి ఒక పక్షి టపటపమంటూ లేచింది. కుర్రగుర్రం పక్కకు గెంతింది. అమ్మాయి దాని మెడ మీదికి జారి, జూలు పట్టుకుని, ఎలాగో వెనక్కి సర్దుకుంది. గుర్రం ఆగింది, వణుకుతూ, మాకు రెండు బారల దూరంలో. అమ్మాయి మొహం తెల్లగా పాలిపోయింది.

అది చూసి, నాకు తెలియకుండానే, నాలుకను అంగిటికి కొట్టాను. చ్చొచ్చొచ్చొ.

మన ఇళ్లలో ఎవరైనా పడ్డా, జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా చేసే చప్పుడే. గుర్రం చెవులు రెండూ నా వైపు తిరిగాయి. మరుక్షణం అక్కడ గుర్రం లేదు.

ముసలి గుర్రాన్ని దాటేసింది. పసుపు తొడుగు మంచులో చిన్నదై, పొదల వెనక మాయమైంది. డెక్కల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అది ఆగిపోతుందేమోనని భయం, ఆగకుండా ఉంటుందేమోనని భయం. మా ఆవిడ నా జాకెట్ చెయ్యి పట్టుకుంది. లోపలున్న చెయ్యి నాదేనని గుర్తున్నట్టు లేదు, గోళ్లు దిగాయి. పసుపు తొడుగు మళ్లీ కనిపించింది. అమ్మాయి పగ్గాలు లాగలేదు, అరవలేదు, కదలకుండా కూర్చుంది. మా ముందునుంచి ఇసుక కొడుతూ పోయి, మళ్లీ పొదల వెనక్కి. ఈసారి బయటికి వచ్చేసరికి వేగం తగ్గింది. ఇంకో సగం చుట్టులో నడకకు వచ్చింది.

యజమానురాలు ఎదురెళ్లి కళ్లెం పట్టుకుంది. "నడకన్నాను. ఎందుకు తోలావు?"

"ఐ డిడ్న్ట్."

"ఎవరూ చెప్పకుండా ఈ గుర్రం అలా పోదు, మి డక్. దిగు. శాలలు ఊడ్చే పనుంటే కబురు చేస్తాను."

ఊడ్చే పని! ఎంత చక్కని మాట. చీపురుకు డెక్కలుండవు, అది ఎవరినీ పొదల వెనక్కి ఎత్తుకుపోదు. నేను నోరు మూసుకుంటే చాలు, మా పిల్ల ఇక జన్మలో పందెపు గుర్రం ఎక్కదు. నిజం చెప్పాలి, మూసుకునే నిలబడ్డాను. అమ్మాయి రికాబులోంచి ఒక కాలు తీసింది. మా వైపు చూడలేదు.

పక్కనే ఉండి ఆ చప్పుడు విన్న మా ఆవిడ మెల్లగా అంది. "ఏవండీ."

అంతే అంది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ మాటను నేను అంతగా భయపడుతూ ఎప్పుడూ వినలేదు.

"సారీ," అన్నాను కంచె మీద నుంచి. ఆడపిల్ల స్వారీ, తండ్రి సారీ. "తోలింది నేనే. మా వైపు జాలేస్తే ఇలా అంటాం." ఎలాగో చూపించాలి కదా. చ్చొచ్చొచ్చొ.

"డాడ్!"

గుర్రం ముందుకు దూకబోయింది. యజమానురాలు కళ్లేనికి వేలాడి, బూట్లతో ఇసుక దున్నుకుంటూ ఆపింది.

"మా దగ్గర గుర్రాన్ని పరిగెత్తమనడానికి చేసే చప్పుడే అది," అంది. "మీ ఊళ్లో ఎవరైనా పోతే, గుర్రాలన్నీ పారిపోతాయా?"

ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "పగ్గాలతో దాని నోరు లాగలేదు నువ్వు. ఎవరు నేర్పారు?"

"నోబడీ. ఐ వాజ్ టూ స్కేర్డ్ టు మూవ్."

"బాగుంది. అలాగే భయపడుతూ ఉండు. కాలు పెట్టుకో, మళ్లీ తిరుగు. ఈసారి పరుగు." నా వైపు చూడకుండానే వేలు పార్కింగ్ వైపు చూపించింది. "మీరు కారులో కూర్చోండి. అద్దాలు ఎక్కించి."

కూర్చున్నాను. అక్కడినుంచి ట్రాక్ కనిపించదు. కంచె దగ్గర నిలబడ్డ మా ఆవిడ వీపు కనిపిస్తుంది. అమ్మాయి ఎక్కడుందో ఆవిడ తలను బట్టి లెక్కేసుకున్నాను. తల ఎడమనుంచి కుడికి తిరిగితే ముందునుంచి పోతోందన్నమాట, నిలిచిపోతే పొదల వెనక ఉందన్నమాట. తిరుగుడు ఒక్కో చుట్టుకూ వేగమైంది. ఒకసారి నిలిచిపోయిన తల, తిరగవలసిన సమయానికి తిరగలేదు. ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

ఆవిడ చెయ్యి దిగింది. తల కుడికి తిరిగింది.