సిస్టర్ లోయిస్ తనకు తానే రాసుకున్న చార్టు

1988 వానాకాలంలో ఒకరోజు కలకత్తా పక్కన హౌరా నుంచి సంత్రాగాఛి వస్తున్న మినీబస్సు, అడ్డొచ్చిన రిక్షాను తప్పించబోయి గట్టిగా బ్రేకు వేసింది. లోయిస్ నుదురు ముందు సీటు ఇనుపకమ్మీకి ఠంగున తగిలింది. స్పృహ తప్పలేదు గాని, దిగాల్సిన స్టాపు పేరు గుర్తుకు రావడానికి కాసేపు పట్టింది. ఇంటికొచ్చి ఒకసారి వాంతి చేసుకుంది. రైల్వే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదనీ, మెదడు కాస్త అదిరిందనీ, రెండు వారాల విశ్రాంతి చాలుననీ చెప్పారు.

ఇంకొకరైతే ఆ మాట నమ్మి పడుకునేవారు. లోయిస్ అదే ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా నర్సు. తలకు దెబ్బ తగిలినవాళ్ళలో గంటగంటకూ ఏం చూడాలో ఆమెకు కంఠతా వచ్చు. అవన్నీ తనలోనే చూసుకోవడం మొదలుపెట్టింది. అద్దం ముందు నిలబడి కంట్లోకి టార్చి వేసుకునేది. నాడి పట్టుకునేది. తెలివి సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వందలోంచి ఏడు, మిగిలినదాంట్లోంచి ఏడు తీసేసుకుంటూ పోయేది. ఎక్కడైనా తడబడితే గుండె దడదడలాడేది. దడకు తల పోటెత్తేది. పోటు రాగానే మళ్ళీ మొదట్నుంచి లెక్క. అంతా ఒక నోటుపుస్తకంలో రాసుకునేది.

రెండు వారాలు రెండు నెలలయ్యాయి. రైల్వే క్వార్టర్సు వెనక యార్డులో వ్యాగన్లు ఢీకొన్నప్పుడల్లా ఉలిక్కిపడేది. పట్టపగలు కిటికీలు మూయించింది. చర్చి మానేసింది. కునుకు పడుతుంటే తనను తానే లేపుకునేది, నిద్రలోనే ప్రాణం పోతే ఎవరికి తెలుస్తుందని.

భర్త కృపాకర్ గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె అద్దం దగ్గరే ఉండేది.

"ఏటి లోయిస్, పొద్దున్నుంచీ ఎన్నోసారి?"

"కుడి కంటిపాప పెద్దదిగా లేదూ? సరిగ్గా చూడండి."

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నిన్నా అదే చెప్పాను కదా."

"నిన్నటి సంగతి వేరు. మీకేటి తెలుస్తాది?"

ఆ మాటకు అతను చొక్కా కూడా విప్పకుండా అలాగే కూలబడ్డాడు. మర్నాడు ఆమెను డాక్టర్ సాన్యాల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె వార్డు డాక్టరే ఆయన. లోయిస్ సెలవు పొడిగించమని అడిగి, నోటుపుస్తకం బల్లమీద పెట్టింది. ఆయన ఒక్కో పేజీ నిదానంగా చదివి, బెంగాలీలో అడిగాడు.

"సిస్టర్, ఇది వార్డులో రోగి చార్టు అనుకోండి. ఏం చేస్తారు?"

"డిశ్చార్జి," అనేసింది. అన్నాక కళ్ళు నిండాయి. "అయితే నా నొప్పి నటనా, డాక్టర్‌బాబూ?"

"కాదు. దెబ్బా నిజమే, నొప్పీ నిజమే. దెబ్బ తగిలిన మెదడుకు నిద్ర కావాలి, నెమ్మది కావాలి. మీరు దానికి అరవై ఎనిమిది రోజులుగా కాపలా కాస్తున్నారు. భయానికి మెడ బిగుస్తుంది, నిద్ర పోతుంది, లెక్క తప్పుతుంది. దాన్నే మీరు దెబ్బ ముదిరిందని రాసుకుంటున్నారు. ఎందుకింత భయం?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత పోలిరాజు పేరెత్తింది. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం తలకు దెబ్బతో వచ్చిన ఫిట్టరు. టీ అడిగాడు, కూతురి పరీక్షల సంగతి చెప్పాడు. రోగి బాగున్నాడని చార్టులో రాసింది లోయిసే. మూడు గంటల్లో పోయాడు.

"నేనేదో చూడలేదు," అంది. ఈ మాట ఆమె కృపాకర్‌కు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ మధ్యాహ్నం నేనూ చూశాను అతణ్ణి," అన్నాడు సాన్యాల్. "నాకూ ఏమీ కనబడలేదు."

ఆయన నోటుపుస్తకం తన దగ్గరే ఉంచుకున్నాడు. రోజూ కాసేపు నడవమన్నాడు, నొప్పి వస్తే కూర్చుని, తగ్గాక మళ్ళీ నడవమన్నాడు.

మొదటిరోజు స్టేషను ప్లాట్‌ఫారం సగం దాటకముందే లోకల్ బండి కూత వేసింది. ఆమె వేళ్ళు తమంతట తామే నాడి కోసం మణికట్టు మీదికి పోయాయి. కృపాకర్ అది చూసి ఆమెను బెంచీ దగ్గరికి నడిపించాడు. ఇద్దరూ కూర్చున్నారు. తల పగిలిపోతున్నట్టు నొప్పి. అరగంటకు అది దానంతటదే తగ్గింది. ఇన్నాళ్ళూ చీకటిగదిలో నొప్పిని తవ్వుకుంటూ పడుకున్న మనిషికి, అది అలా తగ్గుతుందనే తెలియదు.

అన్ని రోజులూ అలా గడవలేదు. దసరాకి దుర్గాపూజల్లో డప్పుల మోతకు మూడు రోజులు మళ్ళీ మంచమెక్కింది. నాలుగోరోజు లేచి, తిట్టుకుంటూనే నడిచింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం కృపాకర్ పప్పన్నం కలుపుకుని, మాట్లాడకుండా తింటున్నాడు. లోయిస్ కూడా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పేదీ? వెయ్యడం మర్చిపోయాను. మీరు చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఏటనుకుంటావోనని..."

"ఏటనుకుంటాను? ఉప్పు తెస్తాను," అని వంటింట్లోకి వెళ్ళింది. మునుపైతే ఇంత మరుపుకే టార్చి పట్టుకుని అద్దం ముందుకు పోయేది. కృపాకర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది, వంటింటి వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆమె గిన్నెతో తిరిగొచ్చి, అతని పప్పన్నంలో చిటికెడు చల్లి, తనదాంట్లోనూ వేసి కలుపుకుంది.

ఆ నెలాఖరున ఒంటిపూట డ్యూటీలో చేరింది.