అటు తిరిగే రింగు

మా ఎదురింటాయన్ని వీధంతా ఒంటికన్నాయన అంటుంది. రెండు కళ్ళూ లక్షణంగానే ఉన్నాయి. కాకపోతే ఏళ్ళ తరబడి ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కెమెరాలోంచి చూసి చూసి, మనిషితో మాట్లాడేటప్పుడు కూడా ఆ ఎడమ రెప్ప సగానికి వాలిపోతుంది. వీధికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు కన్ను కొడుతున్నాడనుకుని కంగారుపడతారు. నన్ను అక్కయ్యా అని పిలుస్తాడు కాబట్టి నాకా బెంగ లేదు.

ఆయన పని ఆటల ఫోటోలు తీయడం. ఊరి మైదానంలో పరుగు పందెమైనా బంతాటైనా గీత పక్కన గొంతుక్కూర్చుని తీసి, పత్రికకి పంపుతాడు. నా చదువు చిన్నబడితోనే సరి. అయినా అడగడానికి చదువెందుకు? మెట్ల మీద కూర్చుని లెన్సు తుడుచుకుంటుంటే పక్కన చేరి అన్నీ అడిగి తెలుసుకున్నాను. దూరాన ఉన్న మనిషిని దగ్గరికి లాగే పొడుగు లెన్సుకి ఒక రింగు ఉంటుంది. ఒకవైపు తిప్పితే మనిషి దగ్గరవుతాడు, రెండోవైపు తిప్పితే దూరమవుతాడు. పరిగెత్తేవాళ్ళు మన మీదికి వస్తున్నకొద్దీ దూరం వైపు తిప్పుకుంటూ పోవాలి, లేకపోతే ఫోటోలో పట్టరు. ఆ తిప్పడం ఆయన ఆలోచించి చేసేది కాదు. నడిచేటప్పుడు ఇప్పుడు ఏ కాలు వెయ్యాలా అని మనం ఆలోచిస్తామా? అలాగన్నమాట.

ఆ పాత లెన్సు లోపల బూజు పట్టింది. బాగుచేసేవాడు ఒకసారి విప్పి తుడిచాడు, బూజు మళ్ళీ పట్టేసరికి చేతులెత్తేశాడు. ఫోటోలన్నీ పాలు ఒలికినట్టు తెల్లగా వస్తున్నాయి. పత్రికలో ఆటల పేజీ చూసుకునే ఆవిడకి మొహమాటం లేదు. "ఆదివారం పెద్ద పందేలున్నాయి. మంచి బొమ్మ ఇస్తే ఈ ఏడాది మైదానం నీదే. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాను" అని ముఖం మీదే చెప్పేసింది. మైదానం పోతే ఆయనకి మిగిలేది పాస్‌పోర్టు ఫోటోలే. వాటితో ఇల్లు ఎలాగోలా గడుస్తుంది. ఆయనకే పొద్దు గడవదు.

కొత్త లెన్సు కొనక తప్పదు. కెమెరా చేసిన కంపెనీవాళ్ళ సొంత లెన్సు ఒకటుంది. ఆ కెమెరాకే సరిపడేలా వేరే కంపెనీ చేసింది ఇంకొకటుంది, ధర సగం. వాళ్ళావిడ, నాకు మరదలి వరస, "ఆ సొంత కంపెనీది కొంటే ఈ వానాకాలం కూడా నేను గొడుగేసుకునే వండాలి" అంది. వంటింటి కప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బుతోనే కదా ఈ కొనడం!

"అయితే ఒకటి అయినవాళ్ళ సంబంధం, ఒకటి బయటి సంబంధం" అన్నాను.

"అంతే అక్కయ్యా. అయినవాళ్ళయితే కెమెరాకీ లెన్సుకీ మాట పట్టింపులుండవు. బయటిదైతే ఎప్పుడు అలుగుతుందో చెప్పలేం."

"అయినవాళ్ళు అలగరా? నువ్వు మా ఆడపడుచుని చూడలేదు!"

దుకాణాయన పాత పరిచయం కాబట్టి రెండూ ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమన్నాడు. బయటిదాన్ని చేతికిస్తూ, "దీని రింగు మీ పాతదానికి ఎదురు తిరుగుతుంది సుమా" అన్నాడట. "అలవాటవుతుందిలే" అని ఈయన సంచీలో పడేసుకున్నాడట.

మేడెక్కి వీధి చివర దండెం మీది బట్టల్ని రెండింటితోనూ తీశాడు. నేనూ ఒకసారి కన్ను ఆనించాను. చక్కెర మానేశానని ఊరంతా చెప్పుకుతిరిగే చివరింటావిడ, కిటికీ దగ్గర నిలబడి డబ్బాలోంచి చెంచాతో చక్కెర నోట్లో వేసుకుంటోంది. అబ్బ, చెంచా అంచు మీది పలుకులతో సహా!

"ఇక చాలు, ఇటివ్వండి" అని ఆయన లాక్కున్నాడు.

మరదలు ఫోటోలన్నీ కలిపేసి, ఏది దేనితో తీసిందో చెప్పమంది. ఆయన ముక్కు ఆనించి చూసి, గడ్డం గోక్కుని, చివరికి తప్పే చెప్పాడు. తీర్పయిపోయింది. బయటిదే కొన్నాడు.

పెద్ద పందేలకి ముందురోజు మైదానంలో బడిపిల్లల పందేలుంటే, చెయ్యి సాగుతుందని వెళ్ళాడు. సాయంత్రం వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నేను చేరేసరికి మరదలు కెమెరా వెనక బొమ్మలు చూస్తోంది. ఒకదాంట్లో మోచెయ్యి. ఒకదాంట్లో జడ కొస. ఇంకోదాంట్లో ఉత్త చెవి.

"సగం ధర పెడితే సగం పిల్లే వస్తుంది మరి" అంది మరదలు.

"లెన్సుని అనకు. ఆ చెవి పోగు ఎంత స్పష్టంగా ఉందో చూడు. తప్పంతా నా చేతిదే. పిల్ల మీదికొస్తుంటే చెయ్యి పాతవైపే తిరిగిపోయింది. దూరం కావాల్సింది మరీ దగ్గరైంది. తెలుసుకుని ఇటు తిప్పేలోపు పిల్ల దాటిపోయింది. ప్రతిసారీ అంతే."

దండెం మీది బట్టలు పరిగెత్తవు కదా. మేడ మీద తీరుబడిగా తిప్పుకుంటున్నంతసేపూ అంతా బాగానే ఉంది. మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

మరదలు కెమెరాని కొంగుతో తుడిచి సంచీలో పెట్టింది. తర్వాత, "దుకాణం ఇంకా తీసే ఉంటుంది. వెళ్ళి మార్చుకురండి. వంటిల్లు ఎక్కడికీ పారిపోదు" అంది.

ఆయన వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు సంచీలో అదే లెన్సుంది, దానితోపాటు నల్ల టేపు చుట్ట ఒకటి.

"మార్చలేదేం?" అన్నాను.

"సొంత కంపెనీది పట్టుకుని తిప్పి చూశాను. చెయ్యి హాయిగా తిరిగింది. కానీ బొమ్మ రెండింట్లోనూ ఒకటేనని కళ్ళారా చూశాక, ఈ చేతి మొండితనానికి ఇంటికప్పు ధారపొయ్యాలా అక్కయ్యా? నేర్పితే నేర్చుకుంటుంది. రేపటికి మాత్రం నేర్చుకోదు."

"మరి రేపెలా?"

"రేపు తిరక్కుండా కట్టేస్తాను."

ఆదివారం నేను ఇంట్లో ఉంటే ఒట్టు. వెళ్ళి చూద్దును కదా, ఈయన పందెం ముగిసే గీత దగ్గర ఒకాయన్ని నిలబెట్టి, కెమెరాలోంచి చూస్తూ ముందుకీ వెనక్కీ నడుస్తున్నాడు. మనిషి తల నుంచి పాదాల దాకా సరిగ్గా పట్టిన చోట ఆగాడు. రింగు మీద టేపు బిగించి చుట్టాడు. తక్కిన ఫోటోలవాళ్ళు ఇకిలించారు.

"బాబాయ్, కొత్త లెన్సుకి అప్పుడే దెబ్బ తగిలిందా? కట్టు కట్టావు?"

"బెణికిందిరా" అని కూర్చున్నాడు.

తుపాకీ పేలింది. ఆడపిల్లలు మలుపు తిరిగి దూసుకొస్తున్నారు. చుట్టూ కెమెరాలు టకటకమంటున్నాయి. ఈయన కెమెరా మాత్రం ఉలకదు, పలకదు. గీత దగ్గర ఆ ఒక్క క్షణం తప్పిపోతే ఈయన దగ్గర రెండో బొమ్మ ఉండదు. ముందున్న పిల్ల ఛాతీ గీత మీదికి రాగానే టకటకమని నొక్కి, కెమెరా దించేశాడు.

మర్నాడు పత్రికలో అచ్చయింది. ముగ్గురు పిల్లలూ పాదాల కింది దుమ్ముతో సహా నిండుగా ఉన్నారు. మొదటి పిల్ల కళ్ళు మూసేసుకుంది, రెండో పిల్ల దాని మడమకేసి చూస్తోంది. మూల మాత్రం ఎవరిదో టోపీ అడ్డొచ్చింది.

పేజీ ఆవిడ ఫోను చేసింది. మరదలూ నేనూ చెవులు రిక్కించాం.

"మైదానం నీదే. కానీ ఆ టోపీ ఏంటయ్యా? రింగు కాస్త తిప్పితే పోయేది కదా!"

"తిప్పుతానండీ. నేర్చుకుంటున్నాను" అన్నాడు ఒంటికన్నాయన.

ఫోను పెట్టేసి, గోటితో టేపు అంచు లేపి మెల్లగా ఊడదీశాడు. అప్పట్నుంచి రోజూ మెట్ల మీద కూర్చుని, వీధిలో ఎదురొచ్చే ప్రతిదాని మీదా చేతిని సాధన చేయిస్తున్నాడు. ఇవాళ పొద్దున తలుపు దబదబా బాదితే ఏమైందోనని పరిగెత్తాను. పాలాయన సైకిలు రెండు చక్రాలతో సహా ఫోటోలో నిండుగా పడిందట. అది చూపించడానికి వచ్చాడీయన.