కోకిల గూట్లో కాకమ్మ

డిపోలో ఆమెను కాకమ్మ అంటారు. వేసుకునేది ఖాకీ, అరిచేది బొంగురు గొంతుతో. రెండూ కలిసి ఆ పేరు దానంతటదే పుట్టింది. మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. ఆమె కోపగించుకోలేదు. కండక్టరు కాబట్టి బస్సులో ఆ గొంతుకు పనుంది. ఇంజను రొద మీదుగా, నిలబడ్డవాళ్ళ భుజాల మీదుగా, వెనక సీట్లో కునుకు తీసేవాడి చెవిదాకా అది సూటిగా పోతుంది. "కాకమ్మ ఎక్కితే ఇక విజిలెందుకు?" అంటారు డ్రైవర్లు.

ఆమె అరిచే స్టాపుల పేర్లలో సగం లేనివాటివే. గడియారం దగ్గర గడియారం లేదు. పాత మిల్లు దగ్గర మిల్లు లేదు, కనీసం దాని గోడ లేదు. మూడు చెట్లు దగ్గర ఒక బట్టల దుకాణం ఉంది. అయినా ఆమె అరుస్తుంది, జనం దిగుతారు. ఏదీ గడియారం అని ఎవరూ తలెత్తి చూడరు.

బస్సు దిగితే మాత్రం కాకమ్మ నోరు మూతపడిపోతుంది. దుకాణంలో కావలసింది వేలు పెట్టి చూపిస్తుంది. ఫోను మోగితే భర్త చేతికిస్తుంది. చిన్నప్పుడు బళ్ళో పాట నేర్పే పంతులమ్మ ఆమెను వెనక వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదుపు తల్లీ, చాలు" అంది. ప్రేమగానే అంది. ప్రేమగా అంది కాబట్టే ఆ మాట ఇంకా లోపలే ఉండిపోయింది.

ఇల్లు కొనేటప్పుడు ఊరికి ఈ చివర కావాలని పట్టుబట్టింది ఆమే. డిపో చుట్టుపక్కల ఇన్నేళ్ళూ అద్దెకున్నారు. అక్కడ కూరగాయలబండి వాడికి కూడా ఆమె కాకమ్మే. ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవని వీధి ఒకటి ఆమెకు కావాలి. ఈ ఇల్లు పాతది. ముందు గది ఇరుకు. వంటింటి కిటికీ పెద్దది, పొద్దున్న వెలుతురు గట్టు మీద నిండా పడుతుంది. కొళాయిలు తిప్పి చూసింది, గడియలు వేసి తీసి చూసింది, గోడల్లో చెమ్మ ఉందేమోనని అరచెయ్యి ఆనించి చూసింది. గేటు స్తంభం మీద 'కోకిల' అని చెక్కి ఉండటం కూడా చూసింది. గోడకున్న మేకుల్ని చూసినట్టే చూసింది, వదిలేసింది.

సామాను దించేరోజున ఆ పేరుకు ప్రాణం వచ్చింది. కూలీలు బీరువాను అడ్డంగా తిప్పి తలుపులో ఇరికించబోతుంటే, తాను బస్సులో లేనన్న సంగతి మరచిపోయి కాకమ్మ అరిచింది. "నిలువుగా! నిలువుగా పట్టండయ్యా!"

వీధి ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే ఎదురింటి డాబా మీంచి ఒకావిడ వంగి పిలిచింది. "కోకిలమ్మగారూ! కొళాయి ఇప్పుడే వస్తోంది, సాయంత్రం రాదు. ఇప్పుడే పట్టేసుకోండి!"

కాకమ్మ లోపలికి వెళ్ళిపోయింది. బిందెలు బయటే ఉండిపోయాయి.

"విన్నారా?" అంది భర్తతో. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఏదైనా రెండు వైపులా తిప్పి చూసిగాని మాట్లాడడు.

"విన్నాను. ఇంటి పేరు పెట్టి పిలిచింది."

"మన ఇంటిపేరు ఆవిడకెలా తెలుసు?"

"ఇంటిపేరు కాదు, ఇంటి పేరు. పెళ్ళప్పుడు మొదటిది మారింది నీకు. ఇప్పుడు రెండోది మారింది."

"మొదటిసారీ నన్నెవరూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు" అంది. "నా గొంతు విన్నాకే పిలిచింది, చూశారా? అరిచిందాకా ఆగి, అప్పుడు పిలిచింది."

"అబ్బా, ఇవన్నీ కాకమ్మ కథలు..." అని ఆయన నాలుక కరుచుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. అద్దం ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చింది, మళ్ళీ ఈ గోడకే తెచ్చింది. బీరువాను జరపబోయి నడుం పట్టుకుంది. పాలవాడు గేటు దగ్గర ఆగి, "కోకిలకి ఎన్ని ప్యాకెట్లు?" అంటాడు. కరెంటు మీటరు చూసేవాడు వచ్చి, "కోకిల వాళ్ళేగా?" అంటాడు. వాళ్ళ మొహాల్లో ఆమె నవ్వు వెతుకుతుంది. ఒక్కోసారి కనిపిస్తుంది కూడా. పాలవాడు అందరినీ చూసి నవ్వుతాడు మరి. గేటు తీస్తే ఎదురింటావిడ చూస్తుందని డ్యూటీకి పక్క సందులోంచి పోవడం మొదలుపెట్టింది. సొంత ఇంట్లోంచి దొంగలా బయటికి పోతున్నానని ఆమెకే అనిపించింది.

ఇల్లు చూద్దామని ఆడపడుచు వచ్చింది. నోటికి తాళం లేని మనిషి. గేటు దగ్గరే నిలబడి చేతులు తిప్పుతూ, "వదినా! కాకి గూట్లో కోకిల గుడ్డు పెడుతుందని విన్నాం గాని, కోకిల గూట్లో కాకి కాపురం పెట్టడం ఇప్పుడే చూస్తున్నా!" అంది.

"కోకిలకి గూడే ఉండదే" అన్నాడు అన్నగారు. "కట్టుకునేది కాకే."

ఆయన ఊరటగానే అన్నాడు. కాకమ్మకు ఊరట కలగలేదు. "ఈ పేరు తీసేద్దాం" అంది.

"తీసేసి నాన్న పేరు పెట్టన్నయ్యా" అంది ఆడపడుచు.

"నాన్నకి ఇరుకు గదులంటే పడవు. ఊపిరాడదాయనకి. మీ వదినకి ఏది నచ్చితే అదే."

ఏది నచ్చితే అదే అన్నాక ఏదీ నచ్చలేదు. టికెట్లు కొడుతూ కిటికీలోంచి ఇళ్ళ మీది పేర్లు చదివింది. కుటీరమని రాసి నాలుగంతస్తులు లేపారు. శాంతి అని రాసిన ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్ళు బకెట్టు కోసం కొట్టుకుంటున్నారు. ఒకరోజు ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "నా నెలవు వచ్చినప్పుడు చెప్పు తల్లీ, నాకు కళ్ళు ఆనవు" అంది. నెలవు. దిగే చోటూ అదే, ఉండే చోటూ అదే. ఆ మాట కాకమ్మ సంచిలో చిల్లర లాగా సాయంత్రం దాకా గలగలమంటూనే ఉంది. ఇంటికి రాగానే, "నెలవు" అంది. భర్త అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది" అన్నాడు.

తాపీమేస్త్రీ వచ్చి స్తంభం ముందు గొంతుక్కూర్చున్నాడు. చెక్కిన అక్షరాల్లో వేలు పెట్టి దుమ్ము గీకాడు. "పిట్టని ఎగరగొట్టాలా అమ్మా, పూడ్చెయ్యాలా?"

"పూడ్చెయ్యి."

"పాపం" అని సిమెంటు కలుపుకున్నాడు. ఒక్కో అక్షరాన్నీ నింపి, పైన తాపీతో నున్నగా లాగాడు. ఆరాక సున్నం కొట్టాడు. స్తంభం బోసిపోయింది. కాకమ్మకు ఊపిరి ఆడింది.

బోర్డు రాసేవాడికి ఫోను చేసే వేళకు భర్త ఇంట్లో లేడు. ఆగలేక తనే చేసింది. రెండుసార్లు చెప్పింది. అవతలివాడు, "అర్థమైందండీ, అర్థమైంది" అన్నాడు. బోర్డు వచ్చింది. నల్లటి పలక మీద తెల్లటి అక్షరాలు, ముచ్చటగా, 'సెలవు' అని.

భర్త నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "డిపో మేనేజరు చూస్తే గుండాగి చస్తాడే! కండక్టరమ్మ ఇంటికే సెలవు రాయించుకుంది!"

ఆమె నవ్వలేదు. ఒక్క మాట, రెండుసార్లు చెప్పింది. అయినా ఆ గొంతులోంచి సరిగ్గా బయటికి రాలేదు. బోర్డును బట్టలో చుట్టి తీసుకెళ్ళి, కొట్టువాడి ముందు పెట్టి, మాట్లాడకుండా మొదటి అక్షరం మీద వేలు పెట్టి కాగితం మీద సరైనది రాసి చూపించింది. వాడు ఆమెను మూగమనిషి అనుకుని చేతులతో సైగ చేస్తూ, మధ్యాహ్నం రమ్మన్నాడు.

'నెలవు' గోడకెక్కింది. ఆ సాయంత్రమే వాన పడింది. వాన వెలిశాక కాకమ్మ గేటు దగ్గరికి వచ్చి చూసి, అలాగే నిలబడిపోయింది. స్తంభం ఆరింది. మేస్త్రీ నింపిన సిమెంటు మాత్రం ఆరలేదు. తెల్లటి స్తంభం మీద, చెక్కినప్పటికంటే స్పష్టంగా, తడితడిగా, కోకిల.

"కోకిలమ్మగారూ! కొత్త బోర్డు పెట్టించారే!" ఎదురింటావిడ.

కాకమ్మ వీధి దాటింది. డాబా కిందికి వెళ్ళి, గొంతు వీలైనంత తగ్గించి, "ఇంటి పేరు మార్చామండీ. చూళ్ళేదా?" అంది.

"ఎందుకు చూళ్ళేదూ? నెలవు. ఎంత బాగుందో! అయితే కోకిలమ్మగారూ..."

"నన్ను ఆ పేరుతో ఎందుకు పిలుస్తారు?"

ఎదురింటావిడ నిజంగానే ఆలోచించింది. "మరేమని పిలవాలి? మీకు ముందున్నాయన్ని కోకిల మాస్టారనే అనేవాళ్ళం. ఆయన ముక్కుతో మాట్లాడేవాడు. ఆయన కుక్కని కోకిల కుక్క అనేవాళ్ళం. అది కరిచేది."

వింటే నిజమే అనిపించింది. గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి, కుక్కతో పాటు తననూ కలిపిందనిపించింది. భర్త అన్నం తింటున్నాడు. ఎదురుగా కూర్చుని, "ఇల్లు అమ్మేద్దాం" అంది.

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఆ వంటింటి కిటికీ కింద గట్టును ఆయనే, సెలవు రోజుల్లో, తన చేతులతో అరగదీసి నున్నగా చేశాడు. ఆ గట్టు వైపు చూసి, "ఒకతన్ని అడుగుతాను. ఆదివారం వచ్చి చూస్తాడు" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "కొన్నవాణ్ణి ఏమంటారో, పాపం" అన్నాడు.

ఆ వారం మధ్యలో, ఊరికి ఈ చివరకు వచ్చే రూటు కండక్టరు జ్వరంతో పడుకున్నాడు. ఆ బండి కాకమ్మకు వేశారు. ఆమె ఎప్పుడూ ఈ రూటులో తిరగలేదు. డ్యూటీ అయ్యాక ఏదో ఒక డిపో బండి ఆమెను మలుపులో దింపి పోయేది. డ్రైవరు కుర్రవాడు, ఈ రూటుకు పాతకాపు. "కాకమ్మక్క వచ్చిందా! ఇక నేను హాయిగా అద్దం చూసుకోకుండా నడుపుతా" అన్నాడు.

బస్సు నిండింది. కాకమ్మ మధ్యలోకి దూరింది.

"కోకిలకి రెండు" అంది ఒకామె.

కాకమ్మ తలెత్తింది. అడిగినామె పక్కనున్న స్నేహితురాలికి ఎవరి కోడలి సంగతో చెబుతూ, లెక్కగా చిల్లర చాపింది. ఆ చిల్లరకు తగ్గ టికెట్టు తీసుకుంది. కాకమ్మ మొహం వైపే చూడలేదు.

"కోకిల ఒకటి" అన్నాడు ఒడిలో రంగు డబ్బా పెట్టుకున్న పెద్దాయన, కళ్ళు మూసుకునే. ఆ వెనక ఇంకొకరు కోకిల అన్నారు. కాకమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళింది.

"వీళ్ళకి నేను తెలుసా?"

"ఎవరికక్కా?"

"ఏంటీ కోకిల?"

"స్టాపక్కా. టికెట్టు మిషన్లో ఆరో మలుపు అని ఉంటుంది. ఆ ముక్క ఎవడికీ తెలీదు. ఒకప్పుడు ఆ రోడ్డు మీద అదొక్కటే ఇల్లంట. బస్సు దాని ముందే ఆగేదంట."

"ఆ ఇంటి పేరిప్పుడు నెలవు."

"ఏంటీ, సెలవా?" అన్నాడు వాడు గేరు మారుస్తూ.

ఆమె తలుపు కడ్డీ పట్టుకుని నిలబడింది. తన వీధి మలుపు దూరం నుంచి కనిపిస్తోంది. "ఆరో మలుపు!" అని అరిచింది. ఎవరూ కదల్లేదు. బస్సు ఆగింది. "ఆరో మలుపు దిగండి! నెలవు!" ఎవరో తలెత్తి, కిటికీలోంచి చూసి, మళ్ళీ దించుకున్నారు. కోడలి కథ ఇంకా నడుస్తోంది. పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాళ్ళందరికీ టికెట్టిచ్చింది తనే. ఏ మొహం ఎక్కడ దిగాలో చూపుల్లోనే రాసి పెట్టుకునే మనిషి. తను రైటంటే డ్రైవరు కాలు వదులుతాడు. వీళ్ళు దాటిపోతారు. చేతిలో టికెట్టున్నవాణ్ణి దాటించి తీసుకుపోవడం ఆమె ఉద్యోగంలో ఇంతవరకు లేదు.

రైటు అనలేదు. ఊపిరి పీల్చుకుంది.

"కోకిలా! కోకిల దిగండి, కోకిలా!"

బస్సంతా ఒక్కసారి కదిలింది. సంచులు లేచాయి, కాళ్ళు చెప్పుల్ని వెతుక్కున్నాయి. ఆమె తలుపు పక్కన నిలబడి, దిగే ప్రతి మొహాన్నీ చూసింది. కోడలి కథ చెప్పినామె కాకమ్మ కాలు తొక్కి దిగింది. ఇంకొకామె గొడుగు విప్పుకుంది, చినుకులు మొదలయ్యాయి. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. చివర్న రంగు డబ్బా పెద్దాయన మెట్టు మీద ఆగాడు. "రోజూ నిద్రలో దాటిపోతానమ్మా. ఇవాళ వినపడింది" అని, జాగ్రత్తగా దిగాడు.

"రైట్" అంది కాకమ్మ. మిగిలిన ట్రిప్పుల్లో అదే మలుపు దగ్గర మళ్ళీ మళ్ళీ అరిచింది. ప్రతిసారీ మొహాలు చూసింది. ఆఖరి ట్రిప్పులో చూడటం మరచిపోయింది.

సాయంత్రం చినుకుల్లో ఇంటికి నడిచింది. పక్క సందు దగ్గర కాళ్ళు అలవాటుగా అటు తిరగబోయాయి. తిరిగి ముందు వీధిలోకే వచ్చింది. బోర్డు మీద నెలవు. స్తంభం మీద, వాన గట్టిపడే కొద్దీ, కోకిల. ఆమె సంచి చంకలో పెట్టుకుని రెండూ చదువుతూ నిలబడింది. ఏదీ తన పేరులా అనిపించలేదు. పరాయిదిలానూ అనిపించలేదు.

"కోకిలమ్మగారూ! మీ డాబా మీద బట్టలు!"

"వస్తున్నా!"

అది బస్సు గొంతు. వీధి చివర సైకిలాయన కాలు కింద పెట్టి వెనక్కి చూశాడు. భర్త కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆమెను చూశాడు, ఎదురింటి డాబాను చూశాడు.

"ఆ ఆదివారం మనిషిని రమ్మనమంటావా?"

కాకమ్మ అప్పటికే మెట్లెక్కుతోంది. "ముందు వచ్చి బట్టలు పట్టుకోండి" అంది.